ఆఖరి బస్సు వచ్చేదాకా

ప్రెస్సు పైగది నుంచి,
వానలకి ముందు

వదినకి,

ఈ ఉత్తరంతో పాటు ఒక కట్ట వస్తుంది. తాడు ముడి చేత్తో విప్పు, కత్తెర పెట్టకు, పైకాగితాలు తెగుతాయి. అది నా మొదటి కరపత్రం. ఇంతకాలం ఈ ప్రెస్సులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటల్లో తప్పులు దిద్దాను. ఈసారి మాటలు నావి. మొదట రాసిచ్చింది కాన్సర్ ఆస్పత్రి డాక్టరమ్మే అనుకో. కానీ ఆవిడ రాత మరీ మెత్తన, చదివినవాడు ఆవులించి మడిచి జేబులో పెట్టుకుంటాడు. నేను దానికి సాన పట్టాను. పేరు చూడు, అరచేయంత అక్షరాల్లో: ‘పడుకోబోయే ముందు కంచమా?’

నువ్వు చదవకుండా నువ్వు కుట్టే బస్సు సీటు కవర్ల కింద పడేస్తావని తెలుసు, అందుకే చెప్తున్నాను. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. పగలు తిన్నదాన్ని అది ఒకలాగా చూస్తుంది, పొద్దుపోయాక తిన్నదాన్ని ఇంకోలాగా చూస్తుంది. తిన్న వెంటనే నడుం వాలిస్తే ఆ గడియారం తికమక పడుతుంది. పెందలాడే తిని, పడుకోబోయే ముందు రెండు గంటలైనా కడుపుకి విరామం ఇచ్చేవాళ్ళలో రొమ్ము కాన్సరు, మగవాళ్ళకొచ్చే ప్రోస్టేటు కాన్సరు తక్కువగా కనిపించాయట. పరిశీలనలు జరిగాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆలస్యంగా తినేది ఎవరు? తిండిపోతులా? కాదు. ఆఖరి బస్సు నడిపేవాళ్ళు, ఆఖరి దుకాణం మూసేవాళ్ళు, వాళ్ళ కోసం ఇంట్లో కళ్ళు కాయలు కాసేలా చూసేవాళ్ళు. టైంటేబులు రాసే పెద్దమనిషి మాత్రం దీపాలు పెట్టేవేళకే తిని మేడ మీద గాలి పోసుకుంటాడు. ఎవరి ఆకలి ఎవరి చేతిలో ఉందో చూశావా?

అమ్మ కాన్సరుతో పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదంతా నా కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తలుపుల మీద, అన్నయ్య మీద పెట్టాను. ఇప్పుడు దానికి చిరునామా దొరికింది. డిపో వాళ్ళు సాయంత్రం ట్రిప్పుకీ ఆఖరి ట్రిప్పుకీ మధ్య భోజనానికి విరామం ఇచ్చేదాకా ఈ కరపత్రం వేసిన మా బృందం ఊరుకోదు. కరపత్రంలో నాలుగో వాక్యం చూడు: ‘ఇంటికొచ్చే మనిషి కోసం ఆకలితో కూర్చుని, మీ ఆయుష్షు కరగబెట్టుకుంటున్న తల్లుల్లారా.’ అది డాక్టరమ్మది కాదు, పూర్తిగా నాది. అమ్మ రోజూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్న తీరు తలుచుకుని రాశాను.

మొదటి కాగితం నాన్నకి ఇవ్వు. ఆఖరి బస్సు నడుపుతూ, ఎంత వానలోనైనా ఆఖరి ప్రయాణికుణ్ణి దారిలో వదిలేసి రాని మనిషి. డిపోలో ఆయన చేత్తో పంచితే ఆ కాగితానికి బరువు వస్తుంది. అటువంటి మనిషికి కూతురినని ఈ ఊళ్ళో అందరితోనూ చెప్పుకుంటాను.

నీ మరదలు


ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన

అగ్గిపుల్లా,

కట్ట అందింది. కత్తెరతోనే కోశాను. తెగిన పైకాగితాలు మీ అన్నయ్య చదివాడు. చదివి, ‘మన పిల్ల బాగా తిట్టింది, ఎవరినో మాత్రం అర్థం కాలేదు’ అన్నాడు. మీ అన్నయ్య నోట ఒకేసారి అన్ని మాటలు రావడం నేను పెళ్ళి తరవాత ఇదే చూడటం.

మామయ్యగారికి నువ్వు చెప్పినట్టే మొదటి కాగితం ఇచ్చాను. బల్ల దగ్గర నిలబడే చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ‘నా కూతురు రాసిందా ఇదంతా?’ అన్నారు. అవునన్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మిగతా కట్ట డిపోకి పట్టుకెళ్ళి అందరికీ పంచారు. మెకానిక్కులు ఇప్పుడు చిరుతిండి తినేవాణ్ణి చూసినా ‘ఒరే, గడియారం’ అని అరుస్తున్నారట.

ఆయన మారిపోయారు. ఆ మర్నాటి నుంచే క్యారేజీ కట్టించుకుని డిపోకి తీసుకెళ్తున్నారు. పొద్దుగూకే వేళకే తినేస్తానని చెప్పారు. బండి డిపోలో పెట్టి వచ్చాక వంటింటి వైపు తొంగి కూడా చూడటం లేదు. కాళ్ళు కడుక్కుని నేరుగా గదిలోకి వెళ్ళి పడుకుంటున్నారు. నువ్వు రాసింది రాసినట్టు పాటించిన మొదటి మనిషి మీ నాన్నగారే.

ఇంట్లో అంతా బాగానే ఉంది. బల్ల మాత్రం కాస్త పెద్దదైనట్టు అనిపిస్తోంది, అంతే.

మరి ఊరందరికీ వేళ చెప్పే మహానుభావురాలు ఏ వేళకి తింటోంది? పోయినసారి వచ్చినప్పుడు అర్ధరాత్రి అటుకుల డబ్బా చప్పుడు చేసింది ఎలక అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

వీలైతే ఒకసారి వచ్చి వెళ్ళు. ప్రత్యేకం ఏమీ లేదు. ఊరికే.

వదిన


ప్రెస్సు పైగది నుంచి,
వానలు మొదలయ్యాక

వదినా,

నీ ఉత్తరం బృందంలో అందరికీ చదివి వినిపించాను, ఎలక సంగతి మినహా.

ఆ వయసులో, అన్నేళ్ళ అలవాటుని, ఒక్క కాగితం చదివి ఒక్క రోజులో మార్చుకున్న మనిషి. ఉద్యమాలు చేస్తామని తిరిగే మా కుర్రాళ్ళు సిగరెట్టు మానడానికి మూడు సమావేశాలు పెట్టుకున్నారు, ఇంకా తీర్మానం దగ్గరే ఉన్నారు. మార్పు పైనుంచి ఊడిపడదు, ఒక్కొక్క కంచం దగ్గర మొదలవుతుంది అని నేనెప్పుడూ అనే మాటకి మన ఇంట్లోనే సాక్ష్యం దొరికింది.

అందుకే రెండో కరపత్రం నాన్న మీద వేద్దామని తీర్మానించాం. ‘ఒక ఆఖరి బస్సు డ్రైవరు కథ’. నాకు వివరాలు కావాలి. వేళకి తినడం మొదలుపెట్టాక ఒంట్లో ఎలా ఉంది, నిద్ర బాగా పడుతోందా, పొద్దున్నే హుషారుగా లేస్తున్నాడా. ఒక ఫోటో కూడా పంపించు. స్టీరింగు ముందు కూర్చున్నదైతే మేలు. చక్కగా నవ్వమను.

ఇప్పుడు రాలేను, రెండో కరపత్రం అచ్చవగానే అవే పట్టుకుని వస్తాను. నాన్న చేతిలో నేనే పెడతాను.

నీ మరదలు


ఇంటి నుంచి

ఫోటో పంపను. నువ్వు ఆ కరపత్రం వెయ్యకు.

పోయిన ఉత్తరంలో అంతా బాగానే ఉందని రాశాను. దూరాన ఉన్న పిల్ల, ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నాను. ఇక దాచి లాభం లేదు.

క్యారేజీ రోజూ ఖాళీగా ఇంటికొస్తోంది. కడిగినంత శుభ్రంగా. నేనూ సంతోషించాను. మొన్న కుట్టిన కవర్లు ఇవ్వడానికి డిపోకి వెళ్తే వాచ్‌మన్ నవ్వుతూ అన్నాడు, ‘మీ ఇంటి వంట తిని మా కుక్క బస్సు టైరంత అయిందమ్మా’ అని. ఆయన తినడం లేదు. పొద్దున్న ఒక గ్లాసు పాలు, అదీ నేను ఎదురుగా నిలబడితే. బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నారు.

మీ అన్నయ్య బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నాకు వచ్చిన భయమే నీకూ వచ్చి ఉంటుంది ఈపాటికి. అన్ని పరీక్షలూ చేశారు. ఏ జబ్బూ లేదు. ‘తినమనండి’ అన్నారు, అంతే.

నిన్న ఆయన గది ఊడుస్తుంటే మంచం మీద నుంచే అడిగారు.

‘అమ్మాయ్, మీ అత్తయ్య నా కోసం రోజూ ఆగేది కదా.’

‘అవును మామయ్యా.’

‘నేను వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు కదా.’

నేను చీపురు మంచం కిందికి పోనిచ్చాను.

‘తినగానే గిన్నెలు కడిగి పడుకునేది. మళ్ళీ పొద్దున్నే నాకంటే ముందు లేచేది.’ చొక్కా జేబు తడుముకుని, ‘పిల్ల సరిగ్గానే రాసింది’ అన్నారు.

జేబులో ఆ కాగితం ఇంకా ఉంది. మడతల దగ్గర పిగిలిపోతే నా దగ్గర గుడ్డపీలిక అడిగి వెనక అంటించుకున్నారు. నాలుగో వాక్యం కింద పెన్సిలు గీత ఉంది.

నువ్వు డిపో వాళ్ళని కొడదామని రాయి విసిరావు. అది ఎవరికి తగిలిందో చూశావా? ఆ వాక్యం రాసేటప్పుడు మీ అమ్మ గుర్తొచ్చిందన్నావు. ఆ ఇంటికొచ్చే మనిషి ఎవరో మాత్రం గుర్తు రాలేదా?

నాకు కోపంగా ఉంది. కోపం తగ్గాక ఇంకోలా రాస్తానేమో అని ఇప్పుడే రాసి పడేస్తున్నాను.

వదిన


ప్రెస్సు పైగది నుంచి

వదినా,

నీ ఉత్తరానికి ముందు ఒక జవాబు రాశాను. నేను నిజమే రాశానని, నిజం ఎవరికి గుచ్చుకున్నా రాసినవాళ్ళ తప్పు కాదని, నాలుగు పేజీలు. మంచి వాక్యాలే పడ్డాయి. మళ్ళీ చదువుకుంటే అందులో నాన్న ఎక్కడా లేడు. చింపేశాను.

తరవాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బయట రోగులు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు, నేను వరస కూడా చూడకుండా లోపలికి దూరాను. ఆవిడ చేతులు కడుక్కుంటోంది.

‘మా నాన్న వల్ల మా అమ్మకి కాన్సరు రాలేదని రాసివ్వండి. కింద సంతకం పెట్టండి. మీ మాటైతే నమ్ముతాడు’ అన్నాను.

‘రాయలేనమ్మా’ అంది.

‘ఎందుకు రాయలేరు?’

‘నాకు తెలియదు కనక.’

‘అయితే ఆయన వల్లే వచ్చిందంటారా?’

‘అదీ తెలియదు. అదీ రాయను. వేలమందిని చూసి, ఈ అలవాటున్న వాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపించింది అని చెప్పగలం. వచ్చిన ఒక్క మనిషిని చూపించి, ఈవిడకి ఇందుకే వచ్చింది అని ఎవరూ చెప్పలేరు. చెప్పినవాళ్ళని నువ్వు నమ్మకు.’

‘మరి ఎందుకు రాశారు ఆ కరపత్రం?’ అని అరిచాను. బెంచీల మీద వాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

ఆవిడ అరవలేదు. తువ్వాలు కొక్కేనికి తగిలించి, ‘నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు వేశావా?’ అంది.

వెయ్యలేదు వదినా. చివర ఒక పేరా ఉంది. కోసేశాను. అక్షరాలు పెద్దవి చేసేసరికి కాగితం చాలలేదు, అది ఒక కారణం. రెండో కారణం, ఆ పేరా నాకు పిరికిగా కనిపించింది. పదునైన కత్తికి ఎవరో గుడ్డ చుట్టినట్టు అనిపించింది. గుడ్డ ఎందుకు చుడతారో ఆ వేళ నాకు తట్టలేదు.

ఆ గదిలో నన్ను ఓదార్చడం ఆవిడకి ఎంత తేలిక. ఒక్క గీత గీకి సంతకం పడేస్తే నేను వెళ్ళిపోయేదాన్ని. తెలియదు అన్న మాటని అంత స్థిరంగా పలికిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. నాకు తెలిసిన వక్తలందరూ అన్నీ తెలిసినవాళ్ళే. బయటికొచ్చి బెంచీ మీద నేనూ కాసేపు కూర్చున్నాను. కోపం రాలేదు. అదే నాకు వింత.

ఆ పేరా విడిగా అచ్చు వేశాను. పెద్ద అక్షరాల్లోనే. ఇందులో పెట్టాను, నాన్నకి చదివి వినిపించు:

‘ఇవి జనాన్ని అడిగి కూర్చిన లెక్కలు. జబ్బు వచ్చాక వెనకటి అలవాట్లు అడిగితే జ్ఞాపకం తప్పు చెప్పవచ్చు. ఆలస్యంగా తినేవారికి సాధారణంగా నిద్ర తక్కువ, శ్రమ ఎక్కువ. దేనివల్ల ఏది వచ్చిందో విడదీయడం కష్టం. అన్ని పరిశీలనలూ ఒకే మాట చెప్పలేదు. వీలైనవారు పెందలాడే తినడం మంచిది. కానీ ఇది చదివి, జరిగిపోయిన దానికి ఎవరూ తమను గాని, ఇంట్లోవారిని గాని నిందించుకోవద్దు.’

చివరి వాక్యం నేను కోసిపారేసింది వదినా. నాన్నకి రాయాలని కలం పట్టుకుంటే ఒక్క మాట రావడం లేదు. రెండో కరపత్రం ఆపేశాను. బృందం వాళ్ళు ఎందుకని అడిగితే వాళ్ళ మీద అరిచాను. ఇంకా పూర్తిగా మారలేదు నేను.

నీ మరదలు


ఇంటి నుంచి, మిషను ఆపి

అగ్గిపుల్లా,

చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ‘ఇంకోసారి చదువు’ అన్నారు. చదివాను. ‘డాక్టరమ్మ మంచి మనిషి. నిందించుకోవద్దంది. అది కాదు అని మాత్రం అనలేదు కదమ్మాయ్’ అని అటు తిరిగి పడుకున్నారు.

మొన్న డిపోలో బండి దిగుతూ తూలి మెట్టు మీద కూలబడ్డారు. ప్రయాణికులు లేరు, అదృష్టం. డిపో వాళ్ళు సెలవు ఇచ్చి పంపేశారు. ఒంటి మీద బట్ట కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో గొట్టం పెట్టి పోయాలి అంటున్నాడు మీ అన్నయ్య.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్తాను. కూర్చుని చదువు.

మీ అమ్మ మీ నాన్న కోసం ఎప్పుడూ ఆకలితో ఆగలేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మీ అన్నయ్య ముందే చెప్పాడు, మా ఇంట్లో ఆఖరి బస్సు వచ్చేదాకా పెద్దవాళ్ళు కంచం ముందు కూర్చోరు అని. సరే అనుకున్నాను. మొదటి సాయంత్రం వీధి దీపాలు వెలిగేసరికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కొత్తకోడల్ని, నోరు విప్పితే ఏమనుకుంటారో. మిషను దగ్గర తల వంచుకుని కుడుతున్నాను. అత్తయ్య వచ్చి వంటింటి తలుపు దగ్గరికి వేసింది. రెండు కంచాలు. నిండుగా, పొగలు కక్కుతూ.

‘రా, తిందాం’ అంది.

‘మరి మామయ్యగారు వచ్చేదాకా…’ అన్నాను.

‘ఆ రూలు మగాళ్ళకి చెప్పడానికే. కడుపుకి చెప్తే వింటుందా? ఆయనొచ్చేదాకా ఆగితే నన్ను నలుగురు ఎత్తుకెళ్ళాలి’ అంది.

ఆ రోజు నుంచి, ఆవిడ మంచం పట్టేదాకా, దీపాల వేళకి మా ఇద్దరి భోజనం అయిపోయేది. నాకంటే ఒక ముద్ద ఎక్కువే తినేది. తిన్నాక కంచాలు కడిగి, తుడిచి, తడి లేకుండా యథాస్థానంలో పెట్టేది. దొంగతనం అంత శుభ్రంగా చేసేవాళ్ళని నేను చూడలేదు. ఒకసారి మామయ్యగారి బండి చెడిపోయి పెందలాడే ఇంటికొచ్చేశారు. నోట్లో ముద్ద ఉంది. కంచం తీసి సీటు కవర్ల కుప్పలోకి తోసేసింది. ‘ఏం చేస్తున్నారు?’ అని ఆయన అడిగితే బుగ్గ ఉబ్బించుకుని, పన్ను నొప్పని సైగ చేసింది. పాపం ఆయన లవంగం కోసం ఇల్లంతా వెతికారు. ఆ పులుసు మరక కవరు ఇప్పటికీ ఏదో బస్సులో తిరుగుతూనే ఉంటుంది.

మరి ఆయన వచ్చాక బల్ల దగ్గర కూర్చునేది కదా అంటావు. కూర్చునేది. ఒక గరిటెడు వడ్డించుకుని కంచమంతా పరిచేది, చూసేవాళ్ళకి నిండుగా కనపడాలని. మాట్లాడుతూ మాట్లాడుతూ అటూ ఇటూ జరిపేది. చివరికి ‘నాకు ఎక్కువైంది, ఇది మీరు తినండి’ అని ఆయన కంచంలోకి తోసేది. ఆయన డిపోలో గొప్పగా చెప్పుకునేవారట, నా భార్య తన నోటి ముద్ద నాకు పెడుతుంది అని. ఆ సంగతి తెలిసిన రోజు మేమిద్దరం నవ్వీ నవ్వీ మిషను మీద పడ్డాం.

ఎందుకత్తయ్యా ఈ నాటకం అని ఒకసారి అడిగాను. పెళ్ళైన కొత్తలో ‘నేను తినేశాను, మీరు తినండి’ అని నిజమే చెప్పిందట. ఆయన సగం తిని లేచిపోయారట. రోజూ అంతే. ‘బస్సు నిండా జనంతో ఉండి వస్తాడే ఆయన. ఇంటికొచ్చాక ఒక్కడే కూర్చుంటే ముద్ద దిగదు. అలాగని నేను కడుపు మాడ్చుకోవాలా? రెండూ కుదిరే దారి చూసుకున్నాను’ అంది. అంత తేలిగ్గా అనేసి దారం సూదిలోకి ఎక్కించింది. నేను ఎందరినో చూశాను, త్యాగం చేశామని చెప్పుకునేవాళ్ళని. ఎవరినీ కష్టపెట్టకుండా, తనూ కష్టపడకుండా, ఒక మనిషి కడుపు నింపిన ఆడదాన్ని ఈవిడనే చూశాను.

ఆస్పత్రిలో, మాట ఉన్నప్పుడే, నా చేత ఒట్టు వేయించుకుంది. ‘ఆయనకి చెప్పకు. ఇంట్లో ఒకరు నా కోసం ఆగారు అన్న మాట మీదే ఆ బండి నడిచింది’ అంది.

అందుకే ఇంతకాలం నోరు కుట్టుకున్నాను. చెప్పకపోతే ఆవిణ్ణి తనే చంపుకున్నానని ఈయన ఎండిపోతారు. చెప్తే, అన్నేళ్ళు తన కోసం ఆగిన భార్య ఉండేదన్న ఒక్క తృప్తీ పోతుంది. ఆవిడ పోయింది, ఆ తృప్తే మిగిలింది ఆయనకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు ఆయన కూతురివి. ఏం చెయ్యను?

వదిన


ప్రెస్సు పైగది నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు అమ్మ మీద కోపం వచ్చింది. నా నాలుగో వాక్యం ఆవిడ మీదే రాశాను. ఆకలితో కూర్చున్న తల్లి అట, ఆయుష్షు కరగబెట్టుకుందట. ఆవిడేమో పులుసు కంచం సీటు కవర్లలో దాస్తోంది. తరవాత నవ్వొచ్చింది. కింద ప్రెస్సులో యంత్రం ఆపి మరీ ఏమైందని అడిగారు. చెప్పబోతే ఏడుపొచ్చింది.

నేను అమ్మని ఒక బొమ్మని చేశాను. అన్యాయానికి బలైన బొమ్మ. అలా అయితేనే నాకు ఉపయోగపడేది. అమ్మ అంతకన్నా ఎంతో తెలివైనది. టైంటేబులు మీద కరపత్రం రాయకుండా, ఎవరితో గొడవ పడకుండా, తన భోజన వేళని తన చేతిలోనే పెట్టుకుంది. మా బృందంలో ఎవరికీ అంత తెలివి లేదు, నాతో సహా.

ఒక మాట నీకు చెప్పాలి, డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నదే. అమ్మ వేళకే తింది, అయినా జబ్బు వచ్చింది. దానివల్ల కరపత్రంలో విషయం అబద్ధమైపోదు. గొడుగు వేసుకున్నవాళ్ళూ ఒక్కోసారి తడుస్తారు. అంతమాత్రాన గొడుగు పారెయ్యం, తడిసినవాళ్ళని గొడుగేదని నిలదియ్యం. విరామం కోసం డిపోకి మళ్ళీ అర్జీ పెడతాం. ఈసారి పూర్తి పేరాతో.

నాన్న సంగతి. ఇన్నాళ్ళూ ఎవరేం అడిగినా ‘నిజం చెప్పెయ్యి’ అనేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నిజం చెప్పమనడం నాకు తేలిక, ఎదురుగా ఉండేది నువ్వు. అయినా చెప్పు వదినా. ఆయన దగ్గర నుంచి మనం ఒకటి లాక్కుంటున్నాం, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆయన మోస్తున్నది తృప్తి కాదిప్పుడు. చెప్పాక ఆయన కోప్పడితే నా పేరు చెప్పు. ఒట్టు తప్పిన పాపం కూడా నా ఖాతాలో వెయ్యి. ఆ ఒట్టు వేయించుకున్న రోజున ఆయన అన్నం తింటున్నాడు. అమ్మ ఇప్పుడుంటే తనే చెప్పేసేది.

నేను వెంటనే బయల్దేరదామనుకున్నాను. కానీ నా మొహం చూస్తే ఆయనకి ఆ కాగితమే గుర్తొస్తుంది. ముందు నువ్వు చెప్పు. రమ్మన్న రోజున వస్తాను.

నీ మరదలు


ఇంటి నుంచి

అగ్గిపుల్లా,

చెప్పాను.

ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలలేదు. డిపోకి కవర్లు తీసుకెళ్ళాలి, సాయం రండి మామయ్యా అని పిలిచాను. పగటి వేళ, షెడ్డులో ఆయన బండి ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను వెనక సీటుకి కవరు తొడుగుతూ మొదలుపెట్టాను. ఆయన మొహం నాకు కనపడటం లేదు, ఎదురుగా అద్దంలో నుదురు ఒక్కటే కనపడుతోంది. అంతా చెప్పాను. తలుపు మూసిన సంగతి, రెండు కంచాలు, పన్ను నొప్పి, గరిటెడు పరచడం.

ఆయన స్టీరింగు మీద దుమ్ము అరచేత్తో తుడిచారు.

‘లవంగం కూడానా?’ అన్నారు.

‘అవును మామయ్యా.’

‘నా మీద నవ్వుకునేవారా ఇద్దరూ?’

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆయన తల ఎత్తారు, అద్దంలో కళ్ళు నా మీదే ఉన్నాయి. ‘నవ్వుకునేవాళ్ళం’ అన్నాను.

చటుక్కున లేచి, కవర్ల మూట నా మీద వదిలేసి, దిగి వెళ్ళిపోయారు. ఆ నడక చూసి ఇక ఈ ఇంట్లో నాకు నూకలు చెల్లాయి అనుకున్నాను. వాచ్‌మన్ ‘ఏమండీ, బాగున్నారా?’ అంటే కుక్క వైపు చూసి, ‘దీనికి ఇక ఏమీ ఉండదని చెప్పు’ అనేసి వెళ్ళారట.

నేను మూట మోసుకుని ఇల్లు చేరేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. మూతలన్నీ తీసి చూస్తున్నారు. మొహం కందగడ్డలా ఉంది.

‘ఇన్నేళ్ళు. నన్ను ఒక వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టారు ఇద్దరూ. ఎదురుచూపులట. నా కోసం ఒక్కళ్ళూ ఆగలేదు ఈ ఇంట్లో, నేనెవరి కోసం ఆగాలి? పెట్టు’ అన్నారు.

పెట్టాను. కూర్చోను కూడా కూర్చోలేదు, గట్టుకి ఆనుకుని నిలబడే మొదలుపెట్టారు. రెండు ముద్దలు కోపంగా తిన్నారు. మూడో ముద్ద దగ్గర దగ్గొచ్చింది. నీళ్ళిచ్చాను. కుర్చీ లాగాను, కూర్చున్నారు. నన్ను పిలవలేదు, పొమ్మననూ లేదు. ఎదురుగా నేనూ కూర్చున్నాను.

చాలా నెమ్మదిగా నములుతూ, కంచంలోకి చూస్తూనే అడిగారు.

‘అయితే ఆవిడ కడుపు మాడ్చుకోలేదన్నమాట.’

‘లేదు మామయ్యా.’

‘వేడివేడిగా తినేది.’

‘నాకంటే ఎక్కువే తినేది.’

‘తినేసి కూడా వచ్చి కూర్చునేది. అంతసేపు.’

‘అవును మామయ్యా. మీరు లేచేదాకా.’

ఆయన ఎడం చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు, అడగలేదు. కాసేపటికి ఆ చెయ్యి తీసి కంచం నా వైపు జరిపారు.

‘ఇంకొంచెం వెయ్యి’ అన్నారు.

వదిన